పదమూడో ఈగ

“ఎన్ని కట్టారు?”

“పన్నెండు.”

“పదమూడు కాదు కదా?”

“పన్నెండంటే పన్నెండేనమ్మా. దారం అయిపోయాక పదమూడోది దేంతో కట్టను, నా మీసంతోనా?”

ఇన్‌స్పెక్టర్ రూత్ ఆల్డర్సన్ నవ్వలేదు. ఆ మాట అన్న సేథ్ ఫాసెట్‌కీ నవ్వు రాలేదు. అరవై ఏడేళ్ళ మనిషి. సున్నం లేకుండా రాతి గోడలు పేర్చడం వృత్తి. బల్ల మీద పెట్టిన చేతులు రెండూ రాళ్ళలాగే ఉన్నాయి. ఆ వేళ్ళతోనే వడ్లగింజంత ఈగని కడతాడంటే చూడనివాళ్ళు నమ్మరు. గాలపు ముల్లుకి పట్టుదారం చుట్టి, మెడ దగ్గర పిట్ట ఈకని రెండు చుట్లు తిప్పి ముడి వేస్తే ఈగ తయారు. అది మునిగి నీటివాలున కొట్టుకుపోతుంటే ట్రౌట్ చేప నిజం పురుగనుకుని నోరు తెరుస్తుంది.

అలాంటి ఈగ ఒకటి, నారింజ రంగు దారంతో కట్టింది, ఏట్లో చచ్చి తేలిన ఆంబ్రోస్ కియర్టన్ గుప్పిట్లో దొరికింది. అది సేథ్ కట్టిందే. అందుకే అతను లెయ్‌బరో పోలీస్ స్టేషన్లో కూర్చున్నాడు. సాయంత్రం నాలుగింటికి అతని మీద హత్యానేరం మోపి లీడ్స్ తీసుకెళ్ళబోతున్నారు. ఇప్పుడు టైము పదకొండూ పది.

“ఆ దారం ఎక్కడిది?”

“మా ఆవిడ ఆనీది. పెళ్ళికి ముందు పట్టుమిల్లులో చేసేది. ఆ రంగు ఇప్పుడు ఏ కొట్లోనూ దొరకదు. ఆవిడ పోయాక కుట్టుపెట్టెలో ఒక్క కండె మిగిలింది. ఈ ఏడాది ఈగలకి అదే వాడాలనుకున్నా. పన్నెండోది ముడేసేసరికి కండెలో ఉత్త చెక్క మిగిలింది. మీవాళ్ళే తీసుకుపోయారు దాన్ని, సంచీలో వేసి మరీ.”

“సరే. ఆదివారం గురించి మళ్ళీ చెప్పండి. గంట గంటా చెప్పండి.”

సేథ్ నిట్టూర్చాడు. “మూడింటినించి చీకటి పడేదాకా ఐవ్సన్ పొలంలో ఉన్నా. గోడ కూలితే పేర్చా. ఐవ్సన్ పక్కనే నుంచుని రాళ్ళందించాడు. ఏడింటికి ఇంటికెళ్ళి రొట్టె తిన్నా. తొమ్మిదింటికి ఏటి ఒడ్డుకెళ్ళా. పదిన్నరకి తిరిగొచ్చా.”

“ఆ చలిలో ఏటి ఒడ్డున ఏం పని?”

“ఏం లేదు. కూర్చున్నా. శనివారం జరిగింది తల్చుకుంటూ కూర్చున్నా.”

శనివారం జరిగింది థార్స్‌గిల్ ఊరంతటికీ తెలుసు. ఏటా మార్చి ఇరవై అయిదున హెల్మ్ నదిలో ట్రౌట్ వేట మొదలవుతుంది. దానికి ముందొచ్చే శనివారం, ఊళ్ళో ఈగలు కట్టే పన్నెండుమందీ సత్రంలో చేరతారు. ఒక్కొక్కరూ ఒకే రకం ఈగలు పన్నెండు కట్టి పెద్దాయన ఆంబ్రోస్ కియర్టన్‌కి ముందే అప్పజెపుతారు. ఆయన వాటిని పన్నెండు రేకు పెట్టెల్లో సర్దుతాడు, ప్రతి పెట్టెలో ప్రతివాడిదీ ఒకటి. ఆ రాత్రి పెట్టెలు పంచుతారు. పంచాక ఒక ఆచారం ఉంది. తనకి అన్నిట్లోకీ బాగుందనిపించిన ఈగని తీసి ఎవరికి వాళ్ళు కోటు మీద గుచ్చుకుంటారు. ఎవడూ తనది తాను గుచ్చుకోడు. అది కట్టినవాడికి చేసే మర్యాద.

ఈసారి ఆ మర్యాద అయిన అయిదు నిమిషాలకే ఆంబ్రోస్ లేచి, సేథ్ ఈగ మెడకి చుట్టింది డాటరెల్ పిట్ట ఈక అన్నాడు. ఆ పిట్టని చంపడం చట్టరీత్యా నేరం. “చంపినవాడికి మా బల్ల దగ్గర చోటు లేదు” అన్నాడు అందరి ముందూ.

“మా నాన్న దాచిన పాత ఈకలవి. చట్టం రాకముందువి. అదే చెప్పబోయా. వినలేదు పెద్దాయన” అన్నాడు సేథ్. “కోపం వచ్చింది, కాదన్ను. నీ అంతు చూస్తానన్నా. నోరు జారింది. అంతమాత్రాన నలభై ఏళ్ళ నేస్తాన్ని ఏట్లోకి తోస్తానా?”

“ఆ రాత్రి మీ కోటుకి ఎవరి ఈగ పెట్టుకున్నారు?”

సేథ్ తల వంచుకున్నాడు. “ఆంబ్రోస్‌దే. ఆయనది ఉల్లంకి పిట్ట ఈక, ఊదా దారం. ఆ చేతికి సాటేది?”

“మీది ఎవరెవరు పెట్టుకున్నారు?”

“నేనెక్కడ చూశానమ్మా. ఆయన అరుపు మొదలెట్టగానే లేచొచ్చేశాగా.” మాట మధ్యలో ఎడమచేత్తో రొమ్ము నొక్కుకున్నాడు. రూత్ ముందుకు వంగింది.

“ఏం లేదులే. గుండె అప్పుడప్పుడు ఇట్టా పట్టేస్తది. పొద్దున డాక్టర్ గారొచ్చి బిళ్ళ ఇచ్చారు. బండెక్కించే ముందు మళ్ళీ వచ్చి సూదేస్తానన్నారు. మంచాయన. నువ్వు జాన్ ఆల్డర్సన్ కూతురివి కదూ? మీ ఇంటెనక గోడ నేను పేర్చిందే.”

“తెలుసు సేథ్ గారూ. ఇంకా పడలేదది.”

గది బయట చీఫ్ ఇన్‌స్పెక్టర్ డెన్నిస్ హార్‌గ్రీవ్ గోడకి ఆనుకుని, గడియారం చూసుకుంటున్నాడు. నిన్న మధ్యాహ్నం లీడ్స్ నుంచి దిగాడు. రాత్రికల్లా సేథ్‌ని లోపలేశాడు.

“ఇరవై నిమిషాలన్నాను, ఇరవై ఆరు తీసుకున్నారు. ఏమంటాడు మీ ఊరాయన? గుప్పిట్లోకి ఈగ ఎగిరొచ్చిందంటాడా?”

“తను పన్నెండే కట్టానంటున్నాడు సార్. సేథ్ ఈగ పన్నెండు పెట్టెల్లోకీ ఒక్కొక్కటి వెళ్ళింది. గుప్పిట్లో దొరికిన దాని ముల్లుకి ఉన్ని పోగు చిక్కుకుని ఉంది. అంటే ఎవరి కోటు మీదో ఉన్న ఈగని ఆంబ్రోస్ పెనుగులాటలో లాగేశాడు. సేథ్ తన ఈగని తన కోటుకి పెట్టుకోడు. ఇక్కడెవరూ పెట్టుకోరు.”

“ఆచారం!” హార్‌గ్రీవ్ ఆ మాటని చప్పరించినట్టు పలికాడు. “రేపు కోర్టులో లేచి, అయ్యా జడ్జిగారూ, హంతకుడు ఆచారం తప్పడండీ అని చెప్తారా? చూడమ్మాయ్. శనివారం బెదిరించాడు. చావు ఆదివారం రాత్రి తొమ్మిదికీ పదిన్నరకీ మధ్య. డాక్టర్ విన్‌స్కిల్ రాసిచ్చాడు. ఆ గంటన్నరా ఈగల ముఠాలో మిగతా పదిమందీ సత్రంలో డామినోస్ బిళ్ళలాట ఆడుతున్నారు. ఏటి ఒడ్డున ఉన్నది ఇతనొక్కడే. ఇంకేం కావాలి మీకు?”

“లీడ్స్ శవపరీక్ష రిపోర్టు గురువారం వస్తుంది. అప్పటిదాకా ఆగొచ్చు.”

“ఆగను. నాలుగింటికి బండి.”

రూత్ మెట్లు దిగుతూ ఆలోచించింది. డాక్టర్ రాసిచ్చిన ఆ గంటన్నర పదిమందిని వదిలేసి ఒక్కడి మెడకి చుట్టుకుంది. ఆ గంటన్నర తప్పయితే? సోమవారం పొద్దున ఏరు దాటే రాళ్ళ దగ్గర శవం తీసినప్పుడు తనూ అక్కడే ఉంది. చన్నీళ్ళలో నానిన శరీరానికి అంత కచ్చితంగా టైము చెప్పడం చూసి అప్పుడే కాస్త ఆశ్చర్యపోయింది. ఇంకోటి కూడా గుర్తొచ్చింది. గుప్పిట విప్పినప్పుడు ఆ ఈగ నారింజ రంగులో లేదు. కాలిన చెక్కలా ముదురు గోధుమ రంగులో ఉంది. నిన్న సాయంత్రం తడారాక కవర్లో చూసినప్పుడు మాత్రం నిప్పుకణంలా ఉంది.

ఎందుకలా మారిందో అడగాల్సిన మనిషి చచ్చిపోయాడు. ఆయన ఇల్లుంది.

పన్నెండున్నరకి తలుపు తీసింది నెల్ హార్కర్, ఆంబ్రోస్ మేనకోడలు. జనవరిలో తల్లి పోయింది. ఇప్పుడు మేనమామ. నల్ల బట్టలు మార్చే అవసరమే రాలేదామెకి.

“ఆదివారం నేను మూడింటికి చర్చి పనికి వెళ్ళాను. ఏడున్నరకి వచ్చాను. ఇల్లంతా చీకటి. డామినోస్‌కి వెళ్ళాడనుకుని పడుకున్నాను” అంది. “ఆయన బల్ల నేను ముట్టుకోలేదు. చెయ్యి రాలేదు. నిన్న మీవాళ్ళు గుమ్మంలోంచి చూసి వెళ్ళారంతే.”

బల్ల పడమటి కిటికీ కింద ఉంది. పట్టకారు లాంటి సాధనాలేవీ లేవు. పాతకాలం మనిషి, ముల్లుని వేళ్ళ మధ్య పట్టుకునే కట్టేవాడు. చిన్న కత్తెర, నల్ల మైనం ముద్ద, కాగితం పొట్లాల్లో ఈకలు, ఆయన రేకు పెట్టె. కిటికీ అంచున ఒక గాజు గ్లాసు. అందులో సగానికి నీళ్ళు. అడుగున ఒక ఈగ.

రూత్ వంగి చూసింది. ముదురు గోధుమ రంగు. ముల్లు చుట్టూ నీళ్ళలో తుప్పు సన్నని దారంలా తేలుతోంది.

“ఇది సేథ్ ఈగేనా?”

“అదే. ఆయన పెట్టెలోది.”

“నారింజ కదా?”

“పొడిగా ఉన్నప్పుడు నారింజ. పట్టు నీళ్ళు తాగుతుందండీ. తాగితే లోపలి ముల్లు నలుపు పైకి తేలి రంగు దిగిపోతుంది. చేప చూసేది ఆ రంగునే. పొడి ఈగని చూసి మాట్లాడేవాడు పెళ్ళికూతుర్ని ఫొటోలో చూసినట్టు అనేవాడు మావయ్య. ఏ ఈగనైనా గ్లాసులో ముంచి, కిటికీ వెలుతురుకి పెట్టి చూస్తే గానీ తీర్పు చెప్పేవాడు కాదు.”

“కిటికీ వెలుతురుకేనా? బల్బు కింద?”

“బల్బు కిందా!” నెల్ మొహంలో రెండు రోజుల్లో మొదటిసారి నవ్వులాంటిది కదిలింది. “బల్బు కింద ఊదా, గోధుమ ఒకటేలా ఉంటాయని తిట్టేవాడు. వెలుతురు తగ్గగానే బల్ల మీద గుడ్డ కప్పేసేవాడు. చంపినా దీపం పెట్టుకుని ఈగని చూసేవాడు కాదు.”

గుడ్డ బల్ల కాలి దగ్గర మడత పెట్టి ఉంది. కప్పలేదు.

“ముంచాక ఎంతసేపు ఉంచేవాడు?”

“నిమిషం. మహా అయితే రెండు. తీసి, ఒత్తి, ఆరబెట్టేవాడు. ముల్లు తుప్పు పడితే ఇంకెందుకది?” అంటూనే ఆమెకీ అర్థమయింది. గ్లాసు వైపు చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

ఆదివారం, మార్చి ఇరవై మూడున, పొద్దు గుంకేది ఆరూ ఇరవైకి. ఈ కిటికీలో రంగు పోల్చుకునే వెలుతురు ఆరింటిదాకా ఉంటుంది, అంతకుమించి ఉండదు. ఆంబ్రోస్ ఆ వెలుతుర్లో ఈగని నీళ్ళలో వేశాడు. నిమిషంలో తీయాల్సినవాడు తీయలేదు. ఆ నిమిషంలోనే ఎవరో పిలిచారు. వెళ్ళినవాడు మళ్ళీ ఈ కుర్చీలోకి రాలేదు.

నెల్ వెళ్ళిన మూడింటినించి ఆ వెలుతురు పోయేదాకా సేథ్ ఫాసెట్ మూడు మైళ్ళ అవతల ఐవ్సన్ అందించే రాళ్ళు పేరుస్తున్నాడు.

గ్లాసు పక్కన ఆంబ్రోస్ పుస్తకం తెరిచి ఉంది, దాని మీద మూత తీసిన కలం. పన్నెండు రకాల ఈగలకీ పన్నెండు వరసలు. చివరి వరసలో ముత్యాల్లాంటి అక్షరాలు: ‘ఫాసెట్. నీళ్ళలో చూశాను. ఈక చాలా పాతది, పురుగు తిన్న గుర్తులున్నాయి. చెప్పింది నిజమే. పొరపాటు నాది. పొద్దున్నే వెళ్ళి’

అక్కడ ఆగిపోయింది.

నెల్ ఆ వాక్యం చదివి కుర్చీలో కూలబడింది. రూత్ ఆమె భుజం మీద చెయ్యేసింది. అప్పుడే నిప్పుగూడు పైన అరుగు మీద దుమ్ములో గుండ్రంగా, రూపాయి బిళ్ళకి రెండింతల మేర శుభ్రంగా ఉన్న జాగా కంటపడింది.

“అక్కడేముండేది?”

“అమ్మకి డాక్టర్ గారిచ్చిన మందు సీసా.” నెల్ లేచి దగ్గరికొచ్చింది. “పోయినప్పటినుంచీ అక్కడే ఉంది. పారేద్దామంటే మావయ్య ఒప్పుకోలేదు. దాని సంగతి తేలాలి అనేవాడు. ఏ సంగతో చెప్పలేదు. ఆదివారం మధ్యాహ్నం కూడా ఉంది, నేనే దుమ్ము దులపబోయి ఊరుకున్నా.”

రూత్ నోట్‌బుక్కులో రెండు మాటలు రాసుకుంది. గ్లాసునీ పుస్తకాన్నీ ఫొటో తీయించి, తలుపుకి సీలు వేయించి, థార్స్‌గిల్ సత్రానికి బండి పోనిచ్చింది. రెండూ ఇరవై.

వేట మొదలయ్యే రోజు ఆ సత్రంలో మామూలుగా నుంచోడానికి చోటుండదు. ఇవాళ తొమ్మిదిమంది మగాళ్ళు కోట్లు విప్పకుండా గోడ పొడుగునా కూర్చున్నారు. గాలపు కర్రలు విప్పని సంచుల్లోనే ఉన్నాయి. నదిలో ఒక్కడూ గాలం వేయలేదు. పెద్దాయన్ని పూడ్చేదాకా వేయకూడదని ఎవరూ అనలేదు, అందరూ అదే చేశారు.

సత్రం నడిపే బెస్సీ మెట్‌కాఫ్ టీ తెచ్చి రూత్ ముందు పెట్టింది. “తాగు తల్లీ. మొహం పీక్కుపోయింది.”

“బెస్సీ గారూ, శనివారం వడ్డించింది మీరే కదా? సేథ్ ఈగ ఎవరెవరు పెట్టుకున్నారు?”

“నలుగురు. టామ్ థ్వెయిట్, అదిగో ఆ మూల. పక్కన వాళ్ళ బావమరిది. పోస్టుమాస్టరు. డాక్టర్ విన్‌స్కిల్. డాక్టర్ పెట్టుకోవడం చూసి అందరూ నవ్వారు పాపం.”

“ఎందుకు?”

“ఆయన ఈగలు జన్మలో తడవవుగా! గాజు పలకల కింద పెట్టి గోడకి తగిలించుకుంటాడు. కట్టడం మాత్రం అచ్చు గుద్దినట్టు కడతాడు, ఎవరిదైనా చూసి. చేపని మాత్రం ప్లేట్లో చూడ్డమే.”

రూత్ టీ కప్పు కింద పెట్టింది.

“అందరి పెట్టెలూ కావాలి. ఇప్పుడే.”

తొమ్మిదిమందీ జేబుల్లోంచి తీసి బల్ల మీద పెట్టారు. డాక్టర్ పెట్టె కోసం టామ్‌ని ఆయనింటికి పంపితే పనిమనిషి చేతికిచ్చింది. ఆయన ఊళ్ళో లేరనీ, లెయ్‌బరో వెళ్ళారనీ చెప్పింది. సేథ్ పెట్టె రూత్ సంచీలోనే ఉంది. మొత్తం పదకొండు. తెరిచి చూసింది. పదకొండింటిలోనూ నారింజ రంగు ఈగ ఉంది. ఏదీ ఖాళీ లేదు.

“అంటే ఎవరిదీ పోలేదన్నమాట” అన్న గొంతు గుమ్మంలోంచి వినిపించింది. హార్‌గ్రీవ్. బెస్సీ దగ్గర వాంగ్మూలం మీద సంతకం పెట్టించుకోడానికి వచ్చాడు. “మీ లెక్కే మిమ్మల్ని ముంచింది కదా ఆల్డర్సన్ గారూ? ఇక్కడ పదకొండు, ఆంబ్రోస్‌ది ఒకటి, గుప్పిట్లో ఒకటి. పదమూడు. ముసలాడు అబద్ధమాడాడు.”

“లేదా పదమూడోది ఇంకొకడు కట్టాడు సార్. కోటు మీది ఈగ పోయింది. పెట్టెలో ఖాళీ కనిపిస్తే పట్టుబడతాడు. అందుకని అచ్చంగా అలాంటిదే కట్టి ఆ చోట పెట్టాడు.”

హార్‌గ్రీవ్ పదకొండు ఈగల్నీ ఒక్కొక్కటే పట్టి చూశాడు. “అన్నీ ఒకటే. నా తల్లి కూడా తేడా చెప్పలేదు.”

“పది నిమిషాలివ్వండి. తేడా లేకపోతే నా చేత్తో నేనే సేథ్‌ని బండెక్కిస్తాను.”

“పందెమా?” గడియారం చూశాడు. రెండూ యాభై. “కానివ్వండి. కానీ ఏ పెట్టె ఎవరిదో మీరు చూడకూడదు. తర్వాత మీకిష్టమైనవాడి మీద తోసేశారని ఎవరూ అనకూడదు.”

“నేనూ అదే అడగబోయాను.”

టామ్ ఏటినుంచి బకెట్టు నీళ్ళు తెచ్చాడు. బెస్సీ పదకొండు గ్లాసులు కిటికీ అరుగు మీద వరసగా పేర్చింది. అందరినీ గోడ వైపు తిరగమని, ఒక్కో పెట్టె యజమాని పేరూ చీటీ మీద రాసి, మడిచి గ్లాసు కిందపెట్టి, ఆ పెట్టెలోని సేథ్ ఈగని గ్లాసు ముందుంచింది.

“బల్బులు ఆర్పండి” అంది రూత్.

గదిలో కిటికీ వెలుతురొక్కటే మిగిలింది. రూత్ మొదటి ఈగని నీళ్ళలో వదిలింది. అది మెల్లిగా తిరుగుతూ మునిగింది. రెండోది. మూడోది. పదకొండోది పడేసరికి మొదటిదాని నారింజ దిగిపోవడం మొదలయింది. ఎండిన మట్టి మీద వాన పడ్డట్టు, తోక నుంచి మెడదాకా ముదురు గోధుమ పాకింది. తర్వాత రెండోది. మూడోది.

గోడ దగ్గరివాళ్ళు లేచి వచ్చి నుంచున్నారు.

ఏడో గ్లాసు మారలేదు.

“అడుగున బుడగేమైనా అంటుకుందేమో” అన్నాడు హార్‌గ్రీవ్, గొంతు తగ్గించి. రూత్ పెన్సిల్‌తో ఈగని కదిపింది. మళ్ళీ ఆగారు. నిమిషం. రెండు నిమిషాలు. పది గ్లాసుల్లో పది ఈగలు కాలిన చెక్కలా నల్లబడ్డాయి. ఏడోది మాత్రం నీళ్ళలో కూడా నిప్పుకణంలా మెరుస్తూనే ఉంది.

“నైలాన్” అన్నాడు టామ్ థ్వెయిట్ నెమ్మదిగా. “అది పట్టు కాదు. నీళ్ళు తాగదు. ఈక, చుట్లు, ముడి అన్నీ సరిగ్గా ఉన్నాయి గానీ నీళ్ళలో పెట్టి చూసుకోలేదు వాడు. మాలో ఎవడైనా చూసుకునేవాడు.”

“చూసుకోని వాడొకడున్నాడు” అంది బెస్సీ. వెంటనే నోరు మూసుకుంది.

హార్‌గ్రీవ్ తనే చెయ్యి చాపి ఏడో గ్లాసు ఎత్తాడు. చీటీ విప్పాడు. చదివాడు. అతని మొహంలో అప్పటిదాకా ఉన్న ఎగతాళి ఎక్కడికి పోయిందో పోయింది. చీటీ రూత్ చేతికిచ్చాడు.

విన్‌స్కిల్.

రూత్ మనసులో అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చి చోట్లలో కూర్చున్నాయి. తొమ్మిదికీ పదిన్నరకీ మధ్య అని రాసిచ్చిన చెయ్యి. డామినోస్ మొదలయ్యేది ఏడున్నరకి, అంతకుముందు ఆయన ఎక్కడున్నాడో ఎవరూ అడగలేదు. దుమ్ములో మాయమైన మందు సీసా. ఆ మందు మీద అనుమానంతో, దాని సంగతి తేలాలి అన్న ముసలాయన.

“రాసిచ్చింది వాడే” అన్నాడు హార్‌గ్రీవ్, తనలో తను అనుకుంటున్నట్టు. “వాడి మాట పట్టుకుని నేను...”

“సార్, సేథ్‌కి సూది ఎవరు వేస్తానన్నారు?”

హార్‌గ్రీవ్ చప్పున తలెత్తాడు. “నేనే రమ్మన్నాను. మూడింటికి. ప్రయాణానికి ముందు ఒకసారి చూడమని.” గోడ గడియారం మూడూ ఆరు చూపిస్తోంది. “నేరం మోపబోయే మనిషి గుండె ఆగి పోతే కేసు అక్కడితో...”

వాక్యం పూర్తయ్యేలోపు రూత్ కౌంటరు దాటి ఫోను అందుకుంది. నాలుగుసార్లు మోగింది. అయిదోసారికి కానిస్టేబుల్ ప్రాట్ ఎత్తాడు.

“ప్రాట్, డాక్టర్ ఉన్నాడా అక్కడ?”

“ఇప్పుడే వెళ్ళారు మేడమ్. రెండు నిమిషాలు కూడా కాలేదు.”

“సూది వేశాడా?”

“వేశారండీ. ముసలాయన కళ్ళు మూతలు పడిపోతున్నాయి, మంచిదేలే నిద్రపోనీ, నాలుగింటిదాకా లేపొద్దు అన్నారు. బండి వచ్చేదాకా తలుపు తీయొద్దన్నారు.”

వెనక హార్‌గ్రీవ్ బండి తాళాలు తీసుకుని గుమ్మం వైపు పరిగెత్తుతూ ఎవరి మీదో అరుస్తున్నాడు: లెయ్‌బరో ఆస్పత్రికి, అంబులెన్సుకి, ఇంకో ఫోను ఎక్కడుంది.

“ప్రాట్, విను. తలుపు తియ్. లేపు. భుజాలు పట్టి కుదుపు, చెంపలు వాయించు, ఏం చేస్తావో చెయ్, నిద్రపోనివ్వకు. ఫోను పెట్టొద్దు, పక్కన పడేసి వెళ్ళు!”

రిసీవరు బల్ల మీద పడిన చప్పుడు. బూట్ల చప్పుడు. తాళం తిరగడం. ఇనుప తలుపు గోడకి కొట్టుకోవడం.

“ఫాసెట్!” అని పిలిచాడు ప్రాట్.

రూత్ చెవికి ఫోను అదిమిపెట్టి, కిటికీ వైపు చూస్తూ నుంచుంది. ఏడో గ్లాసులో ఈగ ఇంకా నారింజ రంగులోనే ఉంది.

“ఫాసెట్ గారూ! లేవండి!”

ఏమీ వినబడలేదు. తర్వాత మూడోసారి పిలిచాడు. ఈసారి ఇంటిపేరుతో కాదు, “సేథ్ తాతా” అని. ఆ పిలుపులో ప్రాట్ గొంతు ఏడుపుగా మారిపోయింది.